వారంటీ కింద వేరే మోడల్ మోటారు పంపితే: బోరులో దించకముందే తేల్చుకోవాల్సినవి

బోరు మోటారు కాలింది. వారంటీ ఇంకా ఉంది. డీలరు పాతది తీసుకెళ్ళి, రేపు మాపు అని తిప్పించి, చివరికి ఒక పెట్టె తెచ్చి దించాడు. విప్పి చూస్తే కంపెనీ అదే, హెచ్‌పీ అదే, మోడల్ మాత్రం వేరు. అడిగితే "ఆ మోడల్ రావట్లేదన్నా, ఇది దానికన్నా మంచిది" అంటాడు.

నిజంగా మంచిదే కావచ్చు. మీ బోరుకి అస్సలు పనికిరానిదీ కావచ్చు. ఆ సంగతి తేలాల్సింది పెట్టె విప్పినప్పటి నుంచి మోటారు బోరులోకి దిగేలోపు. ఒకసారి దించాక నీళ్ళు రాలేదంటే మళ్ళీ లాగే కూలీ, చైన్ పుల్లీ బాడుగ, ఎండిన పైరు అన్నీ మీ ఖాతాలోనే పడతాయి. పైగా "బిగించి వాడుకున్నారు కదా" అన్న మాట కంపెనీ చేతికి దొరుకుతుంది. పొలం ఎండుతుంటే ఒక రోజు ఆగడం కష్టమే, అయినా ఆ ఒక్క రోజు ఆగండి.

పెట్టె దిగగానే

డెలివరీ చలానా మీద సంతకం పెట్టక తప్పదు. ఉత్త సంతకం మాత్రం పెట్టకండి. పక్కనే మీ చేతిరాతతో "మోడల్ వేరు, పరిశీలన కోసం మాత్రమే తీసుకున్నాను" అని రాసి, తేదీ వేసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి. పెట్టె తెచ్చిన కుర్రాడు అభ్యంతరం చెబితే, అలా రాసినంత మాత్రాన అతనికి పోయేదేమీ లేదని చెప్పండి.

ఇప్పుడు చాలా కంపెనీలు సర్వీసు పూర్తయిందని రుజువుకి ఫోనుకి ఒక ఓటీపీ పంపుతున్నాయి. ఆ అంకెలు చెప్పారంటే కంప్యూటర్లో మీ ఫిర్యాదు "పరిష్కారమైంది" అని మూసుకుపోతుంది, తరువాత కొత్తగా ఫిర్యాదు పెట్టాలి. మోటారు నడిచి, నీళ్ళు కొలిచాకే ఓటీపీ ఇస్తామని చెప్పండి. సంతకం కన్నా ఈ ఓటీపీ దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తింటున్నారు.

పాత మోటారు ఇంకా మీ దగ్గరే ఉంటే దాని నేమ్‌ప్లేట్‌ని దగ్గరగా, అక్షరాలు చదవగలిగేలా ఫోటో తీయండి. బురద, తుప్పు ఉంటే తడిగుడ్డతో తుడవండి, ఇనుప బ్రష్షుతో గీకితే సీరియల్ నంబరే పోతుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఇచ్చినప్పుడు రాసిన జాబ్ షీటు (సర్వీసు వివరాల కాగితం) అడగండి. అందులో పాత సీరియల్ నంబరు, కాలడానికి కారణం రెండూ ఉండాలి. కారణం దగ్గర "డ్రై రన్" (నీళ్ళు లేకుండా ఒట్టిగా తిరగడం) అని గానీ "సింగిల్ ఫేజ్" (మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడవడం) అని గానీ రాసి ఉందేమో చూసుకోండి. ఈ రెండూ చాలా కంపెనీల వారంటీలోకి రావు. అలా రాసి కూడా మోటారు మార్చారంటే, అది హక్కుగా కాక దయగా ఇచ్చినట్టు లెక్క. రేపు వాదన వస్తే ఆ ఒక్క మాటే మీకు అడ్డం వస్తుంది.

వారంటీ కార్డులో ఏముంది

కార్డు వెనక చిన్న అక్షరాల్లో మార్పిడి గురించి ఒక వాక్యం ఉంటుంది. "అదే మోడల్ లేదా దానికి సమానమైన మోడల్" అని ఉంటే, వేరే మోడల్ పంపే హక్కు కంపెనీకి ఉన్నట్టే. అయితే సమానమైనదని చూపించాల్సిన బాధ్యత కూడా కంపెనీదే. "కంపెనీ నిర్ణయమే అంతిమం" అని ఉంటే బెదరకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో లోపమున్న వస్తువు విషయంలో వినియోగదారుల కమిషన్ ఇవ్వగల ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి: లోపం సరిచేయడం, అలాంటి వర్ణనకే సరిపోయే, లోపం లేని కొత్త వస్తువు ఇవ్వడం, లేదా సొమ్ము తిరిగి ఇవ్వడం. కార్డు మీది వాక్యం ఆ చట్టాన్ని దాటి పోలేదు.

మోడల్ పేరు మారిందన్న ఒక్క కారణంతో గొడవకి దిగితే గెలవలేరు. పని చేసే తీరు మారిందని అంకెలతో చూపిస్తే మాత్రం డీలరు దగ్గర సమాధానం ఉండదు. ఇక్కడి నుంచి లెక్కంతా ఆ అంకెలదే.

ప్లేటు పక్కన ప్లేటు పెట్టి చూడండి

రెండు నేమ్‌ప్లేట్ల వివరాలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి: హెచ్‌పీ లేదా కిలోవాట్లు, స్టేజీలు (పంపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన, నీళ్ళు తోసే చక్రాలు), హెడ్డు (నీళ్ళు ఎక్కించగల ఎత్తు) ఎంత నుంచి ఎంత వరకు, సెకనుకి లీటర్లు, ఓల్టేజీ, గరిష్ఠ ఆంపియర్లు, ఫేజు, డెలివరీ సైజు (పైపు బిగించే నోటి సైజు), ఐఎస్ నంబరు (భారత ప్రమాణం). బోరు పంపుసెట్టుకి ఐఎస్ 8034, దాని మోటారుకి ఐఎస్ 9283 ఉంటుంది. ఐఎస్ 14220 కనిపిస్తే అది బావిలో వేసే ఓపెన్‌వెల్ రకం, మీ బోరుది కాదు. ఒక ప్లేటు మీద హెచ్‌పీ, మరోదాని మీద కిలోవాట్లు ఉంటే కంగారు పడకండి. 3 హెచ్‌పీ అంటే 2.2, 5 అంటే 3.7, 7.5 అంటే 5.5 కిలోవాట్లు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది హెడ్డు. హెచ్‌పీ ఒకటే అయితే మోటారూ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఒకే 5 హెచ్‌పీలో స్టేజీలు ఎక్కువుంటే నీళ్ళు ఎత్తుకి ఎక్కుతాయి, లీటర్లు తగ్గుతాయి. స్టేజీలు తక్కువుంటే లీటర్లు ఎక్కువ, ఎత్తు తక్కువ. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు నీళ్ళు పైనే ఉన్నచోట తక్కువ స్టేజీల పంపు బాగా పోస్తుంది. అదే పంపుని ఉదయగిరి మెట్టలోనో, దర్శి వైపు లోతు బోరులోనో దించితే మోటారు తిరుగుతుంది, ఆంపియర్లు చూపిస్తుంది, పైపు దగ్గర మాత్రం చుక్క రాదు.

మీ బోరుకి ఎంత హెడ్డు కావాలో ఇలా లెక్క కట్టండి. బోరు లోతు ఎంతన్నది ఇక్కడ అక్కర్లేదు, మోటారు ఎంత లోతున కూర్చుందన్నదీ అక్కర్లేదు. మోటారు నడుస్తున్నప్పుడు నీటి మట్టం ఎన్ని అడుగుల్లో నిలబడుతుందో అదే కావాలి. ఉదాహరణకి బోరు 450 అడుగులు, మోటారు 400 అడుగుల్లో, నడిచేటప్పుడు నీళ్ళు 330 అడుగుల్లో ఉన్నాయనుకుందాం. నేల మీద నుంచి తొట్టి అంచుకి ఇంకో 10 అడుగులు. మొత్తం 340. దాన్ని 3.28తో భాగిస్తే దాదాపు 104 మీటర్లు. పైపులో రాపిడికి ఒక పది శాతం కలిపితే 114 మీటర్లు. పాత మోటారు ప్లేటు మీద 15 స్టేజీలు, హెడ్డు 75 నుంచి 140 అని ఉంటే, 114 దాని మధ్యలో చక్కగా పడింది. కొత్తదాని మీద 10 స్టేజీలు, 50 నుంచి 95 అని ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు, అది మీది కాదు.

నీటి మట్టం ఏ నెలది తీసుకుంటున్నారో కూడా చూసుకోండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండిటికీ ఈశాన్య రుతుపవనాల వానలే ఊపిరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసి బోర్లు పైకి వస్తాయి, మే నెలకి అడుగంటుతాయి. డిసెంబరులో దించి చూస్తే తక్కువ హెడ్డు పంపు కూడా బ్రహ్మాండంగా పోస్తుంది. ఏప్రిల్లో మొరాయిస్తుంది, అప్పటికి వారంటీ కూడా చివరికి వచ్చి ఉండొచ్చు. లెక్క ఎప్పుడూ మే నెల మట్టంతోనే వేయండి.

దీనికి తిరగేసినది కూడా ఉంది. హెడ్డు మరీ ఎక్కువున్న పంపు పంపించి "ఇది పై మోడల్" అంటారు. మీకు కావాల్సిన హెడ్డు ప్లేటు మీద ఉన్న కనిష్ఠానికన్నా కిందకి పోతే పంపు తన హద్దు దాటి నీళ్ళు తోస్తుంది, మోటారు మీద బరువు పెరిగి ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. మీ అంకె రెండు హద్దులకీ మధ్యలో, వీలైతే నడిమికి దగ్గరగా ఉండాలి.

హెచ్‌పీ పెంచి పంపితే సంతోషించే ముందు మూడు విషయాలు చూడండి. ఒకటి, బోరు ఊట. గంటకి 7,000 లీటర్లు ఊరే బోరుకి 10,000 లాగే పంపు వేస్తే కాసేపటికే నీళ్ళు అయిపోయి మోటారు ఒట్టిగా తిరుగుతుంది. అదే డ్రై రన్, దానికి వారంటీ లేదు. ఉచితంగా వచ్చిన పెద్ద మోటారు అలా వారంటీ లేకుండానే కాలిపోతుంది. రెండు, కేబులు. 400 అడుగుల లోతుకి 5 హెచ్‌పీ మోటారు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు మీద నడుస్తుంటే, 7.5కి 4 చదరపు మిల్లీమీటర్లు పడుతుంది. కొత్త కేబులు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. మూడు, కరెంటు కనెక్షను. సర్వీసు లోడు 5 హెచ్‌పీకి ఉంటే 7.5కి పెంచుకోవాలి. నెల్లూరు వాళ్ళు ఎస్పీడీసీఎల్ దగ్గర, ప్రకాశం వాళ్ళు సీపీడీసీఎల్ దగ్గర దరఖాస్తు పెట్టాలి. పెంచుకోకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మరు మీద పడే బరువుకి పక్క రైతుల మోటార్లూ ఇబ్బంది పడతాయి.

ఇక వైర్లు. పాత మోటారు నుంచి మూడు వైర్లు వస్తే డీఓఎల్ స్టార్టరు (మోటారుకి నేరుగా కరెంటు ఇచ్చేది), ఆరు వైర్లు వస్తే స్టార్-డెల్టా స్టార్టరు. కొత్తది దీనికి భిన్నంగా ఉంటే మీ స్టార్టరు పనికిరాదు. సింగిల్ ఫేజు మోటారులో కిటుకు ప్యానల్ పెట్టెలో ఉంటుంది. అందులోని స్టార్ట్, రన్ కెపాసిటర్లు ఆ మోటారు వైండింగుకి తగ్గట్టు పెట్టినవి. మోటారు మారిస్తే ప్యానల్ కూడా దానికి తగినదే రావాలి. పాత ప్యానల్‌కే తగిలించి "నడుస్తుంది కదా" అంటే ఒప్పుకోకండి. తప్పు మైక్రోఫారడ్ కెపాసిటరుతో మోటారు మొదట నడుస్తుంది, కొన్నాళ్ళకి వేడెక్కి వైండింగు పోతుంది.

పంపు బాగానే ఉండి మోటారు ఒక్కటే మార్చారనుకోండి. అప్పుడు మోటారునీ పంపునీ కలిపే కప్లింగు చూడాలి. షాఫ్టు మీది గాడులు, షాఫ్టు ఎత్తు, అంచు బోల్టుల రంధ్రాలు ఒక తయారీదారుకీ మరొకరికీ కలవవు, ఒకే కంపెనీ రెండు మోడళ్ళకీ కలవకపోవచ్చు. చేత్తో కప్లింగు వేసి, షాఫ్టు తేలిగ్గా తిరుగుతోందా, పైకి కిందకి ఎంత ఆడుతోందో మెకానిక్‌తో చూపించండి. లేత్ షాపులో "కాస్త కొట్టించి" సరిచేస్తామంటే మాత్రం వద్దనండి. ఆ దెబ్బతో వారంటీ చచ్చినట్టే.

లావు సంగతి కూడా మరవకండి. వి4 అంటే నాలుగు అంగుళాల బోరుకి, వి6 అంటే ఆరు అంగుళాల బోరుకి చేసినవి. వి6 స్థానంలో వి4 పంపితే దిగడం సులువుగానే దిగుతుంది. కాకపోతే ఆరు అంగుళాల బోరులో సన్న మోటారు చుట్టూ ఖాళీ ఎక్కువై, నీళ్ళు మోటారుని రాసుకుంటూ వేగంగా పారవు, చల్లదనం తగ్గుతుంది. మోటారు చుట్టూ గొట్టం లాంటి స్లీవు తొడిగిస్తే ఇది తీరుతుంది, ఆ స్లీవు అడిగి తీసుకోండి. డెలివరీ సైజు 50 మిల్లీమీటర్ల నుంచి 40కి మారితే రెడ్యూసరు కావాలి. పైపుల బరువంతా వేలాడేది ఆ జాయింటు మీదే కాబట్టి నాసిరకం అడాప్టరు వేస్తే మోటారు బోరు అడుగుకి పోతుంది. అప్పుడు మోడల్ గొడవే ఉండదు, మోటారే ఉండదు.

ఆయిల్ నింపిన మోటారా, నీళ్ళు నింపిన మోటారా అన్నది కూడా ఒక తేడా. రెండూ పనిచేసేవే. నీళ్ళ రకమైతే దించే ముందు మంచినీళ్ళు నింపాలి, ఆయిల్ రకమైతే కంపెనీలోనే నింపి వస్తుంది. వారంటీ అయిపోయాక రీవైండింగుకి రెండిటికీ వాడే వైరు వేరు. మీ ఊరి వైండింగు షాపులో ఏది చేస్తారో ఒక మాట కనుక్కుంటే రేపటికి మంచిది.

సముద్రం వైపు వాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. కోట, ముత్తుకూరు, కొత్తపట్నం, సింగరాయకొండ చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు. రొయ్యల చెరువులకి ఉప్పు నీళ్ళే తోడేవాళ్ళూ ఉన్నారు. అక్కడ పంపు ఏ లోహంతో చేశారన్నదే ఆయుష్షు. మీరు కొన్నది ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 అయితే, వచ్చింది ఎస్‌ఎస్ 304 అయితే, చూపులకి రెండూ ఒకటే, అయస్కాంతం పెట్టినా తేడా తెలీదు. 316లో మాలిబ్డినమ్ ఉంటుంది, ఉప్పుకి గుంటలు పడకుండా కాపాడేది అదే. ప్లేటు మీద రాసి ఉండకపోతే కంపెనీ నుంచి మోడల్ వివరాల కాగితం రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటి మాట మీద వదలకండి, ఎందుకంటే ఈ తేడా బయటపడేసరికి వారంటీ దాటిపోయి ఉంటుంది.

కొత్తదా, బాగుచేసినదా

వేరే మోడల్ పేరుతో రీవైండింగు చేసిన మోటారు వచ్చే అవకాశం ఉంది. నేమ్‌ప్లేట్ రివెట్లు ఒకసారి ఊడదీసి కొట్టినట్టు ఉన్నాయా, బోల్టుల తలల మీద స్పానరు గీతలు ఉన్నాయా, కొత్త రంగు కింద పాత రంగు తొంగిచూస్తోందా, పెట్టె మీది సీరియల్ నంబరూ ప్లేటు మీదిదీ ఒకటేనా అని చూడండి. ఆ తరువాత కంపెనీ టోల్‌ఫ్రీకి నేరుగా ఫోన్ చేసి, మీ ఫిర్యాదు నంబరు మీద ఏ సీరియల్ పంపారో చదివించుకోండి. కంపెనీ పంపింది ఒకటి, డీలరు తన గోడౌను నుంచి ఇచ్చింది మరొకటి అయితే ఈ ఒక్క ఫోనుతో బయటపడుతుంది. కార్డులో బాగుచేసిన వస్తువు ఇవ్వొచ్చని ఉంటే అభ్యంతరం చెప్పడం కష్టం. లేకపోతే కొత్తదే అడగండి.

తీసుకోవాలా, వద్దనాలా

హెడ్డు మీ లెక్కకి సరిపోయి, లీటర్లు పాతదానికి దగ్గరగా ఉండి, స్టార్టరు, కేబులు, పైపు మార్చే పని లేకపోతే మోడల్ పేరు పట్టుకుని మారాం చేయకండి, తీసేసుకోండి. నాలుగు వారాలు పైరు ఎండబెట్టుకుని సాధించేదేమీ ఉండదు.

మోటారు సరిపోతుంది గానీ చిల్లర మార్పులు కావాలంటే షరతుతో తీసుకోండి: ప్యానల్, అడాప్టరు, స్లీవు, కేబులు తేడా కంపెనీయే ఇవ్వాలి. లాగడం, దించడం కూలీ చాలా కార్డుల్లో కొనుగోలుదారుడిదే. అయితే వేరే మోడల్ పంపడం వల్లే పుట్టిన ఖర్చు వేరు, రెండూ కలిపి మాట్లాడితే డీలరు రెండూ కాదంటాడు. పై మోడల్ అని తేడా డబ్బు అడిగితే, మీరు అడగని పై మోడల్‌కి కట్టాల్సిన పని లేదు. మీకే నచ్చి కడితే కట్టినంతకి బిల్లు తీసుకోండి. ఉచిత మార్పిడి మీద జీఎస్టీ అడిగితే ఇవ్వకండి. కస్టమరు దగ్గర ఏమీ తీసుకోకుండా వారంటీలో మార్చిన దానికి జీఎస్టీ పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2023 జులైలో సర్క్యులర్ ఇచ్చింది.

హెడ్డు చాలకపోయినా, ఫేజు వేరైనా, లోహం తక్కువైనా నేరుగా వద్దనండి. ఫోన్లో కాదు, రాతలో. డీలరుకి వాట్సాప్‌లో, కంపెనీకి మెయిల్‌లో ఇలా పంపితే చాలు:

"ఫిర్యాదు నంబరు ఫలానా మీద మీరు పంపిన మోటారు నేను కొన్న మోడల్ కాదు. నాది 15 స్టేజీలు, హెడ్డు 75–140 మీటర్లు. మీరు పంపింది 10 స్టేజీలు, హెడ్డు 50–95 మీటర్లు. నా బోరుకి 114 మీటర్లు కావాలి కాబట్టి ఇది నాకు పనికిరాదు. దీన్ని బిగించలేదు, పెట్టెతో సహా అలాగే ఉంచాను. రెండు ప్లేట్ల ఫోటోలు జతచేశాను. ఏడు రోజుల్లో సమానమైన మోటారు పంపండి, లేదా బిల్లు సొమ్ము తిరిగి ఇవ్వండి."

కోపతాపాలు, "మీ కంపెనీ ఇంతే" లాంటి మాటలు రాయకండి. ఆ కాగితం రేపు ఎవరి ముందు పెట్టినా అంకెలే మాట్లాడాలి.

దించే రోజు

తీసుకోవాలని తేల్చుకున్నారు. నీళ్ళ రకం మోటారైతే ఉప్పు లేని మంచినీళ్ళు నింపి, కాసేపు ఆగి, బుడగలు పోయాక మళ్ళీ నింపి ప్లగ్గు బిగించండి. మెకానిక్ దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటే వైండింగుకీ బాడీకీ మధ్య చూడమనండి. కొత్త మోటారుకి మెగాఓమ్‌లు రెండంకెల్లో కూడా రాకపోతే దించొద్దు.

స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే (ఆంపియర్లు మించితే మోటారుని ఆపేది) పాత మోటారు ఆంపియర్లకి పెట్టి ఉంటుంది. కొత్త ప్లేటు చూసి మార్చాలి. ఇది మరిచిపోతే రిలే మాటిమాటికీ పడిపోతుంది, లేదా పడాల్సినప్పుడు పడదు. నీళ్ళు తక్కువగా వస్తే మోటారు తిరగబడి నడుస్తోందేమో చూడండి. మూడు ఫేజుల్లో ఏ రెండైనా మార్చి నడిపితే, ఎటు ఎక్కువ నీళ్ళు వస్తే అదే సరైన దిక్కు.

నీళ్ళు స్థిరపడ్డాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకి నిండుతుందో ఫోనులో వీడియో తీయండి. 100 సెకన్లకి నిండితే సెకనుకి 2 లీటర్లు, అంటే గంటకి 7,200. అదే సమయంలో క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ, ఓల్టేజీ రాసుకోండి. ప్లేటు మీది గరిష్ఠం దాటకూడదు, మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఓల్టేజీ బాగా తక్కువున్న వేళ ఆంపియర్లు పెరగడం మోటారు తప్పు కాదు, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు మళ్ళీ చూడండి. ఈ అంకెలు సరిపోయాకే ఓటీపీ.

కొత్త సీరియల్ నంబరు మీ పేరు మీద నమోదైందా, వారంటీ ఏ తేదీ వరకు అన్నది డీలరు ముద్రతో రాయించుకోండి. మార్చిన మోటారుకి వారంటీ కొత్తగా మొదలవదు, మామూలుగా పాతదానిలో మిగిలిన కాలమే ఉంటుంది. పాత బిల్లు మీద పాత నంబరే ఉంటుంది కాబట్టి, ఈ కాగితం లేకపోతే రెండోసారి కాలినప్పుడు "ఈ మోటారు మీది కాదు" అంటారు.

ఇన్వర్టర్ బ్యాటరీ, మిగతా సామాన్లు

బ్యాటరీ మార్పిడిలో కూడా ఇదే ఆట. 150 ఏహెచ్ బదులు 135 వస్తే తెలిసిపోతుంది. 150 బదులు 150 వచ్చినా, ఒకటి సీ20 (20 గంటల్లో ఖాళీ చేసే) లెక్కన, మరొకటి సీ10 (10 గంటల్లో ఖాళీ చేసే) లెక్కన ఉండొచ్చు. సీ10 లెక్కన 150 అంటే నిజానికి పెద్దది, తీసుకోండి. మీది సీ10 అయి, వచ్చింది సీ20 అయితే వద్దనండి. పొడుగు ట్యూబ్యులర్ స్థానంలో పొట్టిది వస్తే రెండిటి బరువూ, వారంటీ నెలలూ పోల్చి చూడండి. బ్యాటరీలో బరువంటే సీసమూ ఆసిడ్డే కదా. 24 ఓల్టుల ఇన్వర్టరుకి రెండు బ్యాటరీలుంటే, ఒకటి మాత్రం వేరే మోడల్ పెట్టకండి. రెండిటి చార్జింగు కలవక, బలహీనమైనది ముందు పోయి రెండోదాన్ని కూడా లాగేస్తుంది. వారంటీ రెండో భాగంలో వచ్చేది ఉచిత బ్యాటరీ కాదు, కొత్తదాని మీద తగ్గింపు. ఆ తగ్గింపు ఎమ్మార్పీ మీద కడతారు. బయట షాపులో అదే బ్యాటరీ అంతకన్నా చౌకగా దొరుకుతుందేమో ముందు అడిగి చూడండి.

ఏసీలో లోపలి యూనిట్ ఒక్కటే వేరే మోడల్ ఇస్తామంటే ఒప్పుకోకండి, ఇన్వర్టరు ఏసీల్లో లోపలి బోర్డూ బయటి బోర్డూ జతగా మాట్లాడుకుంటాయి. ఫ్రిజ్, ఏసీ రెండిటిలోనూ నక్షత్రాలు లెక్కపెట్టకుండా లేబుల్ మీది ఏడాది యూనిట్లు పోల్చండి. నక్షత్రాల కొలత కాలానుగుణంగా మారుతుంది. ఫోను మార్చి ఇస్తే *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐని పెట్టె మీదిదానితో సరిచూసి, కేవైఎమ్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ, ఐఎంఈఐ కొట్టి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి.

ఒప్పుకోకపోతే

ఏడు రోజులు దాటినా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, కంపెనీ మీద ఒత్తిడి తెచ్చే దారి. పేరున్న కంపెనీలు చాలావరకు ఇక్కడే దిగివస్తాయి, ఊరూ పేరూ లేనివి రావు.

తరువాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులోనూ, ఒంగోలులోనూ ఉన్నాయి. మోటారు కోయంబత్తూరులో తయారైనా, చెన్నైలో కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధే. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంది. ప్రతివాదులుగా షాపునీ, సర్వీసు సెంటరునీ, కంపెనీనీ ముగ్గురినీ చేర్చండి. ఒకరినే చేరిస్తే తప్పు మిగతా ఇద్దరిదని చెప్పి తప్పించుకుంటారు.

"వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు" అన్న వాదన రొయ్యల చెరువుల వాళ్ళకి ఎదురవుతుంది. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువుకి చట్టంలో మినహాయింపు ఉంది, మీరే చేసుకునే ఒకటి రెండు చెరువులకి అది వర్తించే వీలుంది. సంస్థ పేరు మీద బిల్లు ఉండి, పదుల ఎకరాలు కూలీలతో చేయించేవాళ్ళకి కష్టం.

పరీక్ష అవసరం లేని కేసుని మూడు నెలల్లో, ల్యాబు పరీక్ష కావాల్సినదాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. అప్పటిదాకా పొలం ఆగదు కాబట్టి వేరే మోటారు కొని దించుకోండి, ఆ బిల్లు కూడా నష్టపరిహారం లెక్కలో పెట్టండి. కంపెనీ పంపిన మోటారుని మాత్రం పెట్టెలోనే, ఎవరూ విప్పకుండా ఉంచండి. ల్యాబుకి పంపాల్సి వస్తే వెళ్ళేది అదే.